మస్టరు పడిన తర్వాత

దసరా దగ్గర పడుతున్నదంటే భూపాలపల్లిలో ఒక అంకె కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. బట్టల దుకాణంవాళ్లు, బంగారం కొట్టువాళ్లు, బండ్ల షోరూంవాళ్లు, చిట్టీలు నడిపేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: "ఈసారి వాటా ఎంత శాతమట?" సింగరేణి కాలరీస్ తన లాభంలో కొంత భాగాన్ని ఏటా కార్మికులకు పంచుతుంది. పాతికేళ్ల కిందట 10 శాతంతో మొదలైన ఈ పంపకం పెరుగుతూ వచ్చి 2023-24 సంవత్సరానికి 33 శాతానికి చేరింది. ఆ ఏడు కంపెనీ లాభం 4,701 కోట్ల రూపాయలు. అందులో 2,289 కోట్లను కొత్త పెట్టుబడుల కోసం పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు, 41,837 మంది పర్మనెంటు ఉద్యోగులకు పంచారు. తలకు సగటున లక్షా 90 వేలు. సగంలో ఆగిన ఇంటికి స్లాబు పడాలన్నా, పిల్లల కాలేజీ ఫీజు కట్టాలన్నా చాలా ఇళ్లలో ఆ డబ్బు మీదే లెక్క.

ఇప్పుడు చిన్న గుణకారం, భాగహారం చేద్దాం. భూపాలపల్లి ఏరియాలోని ఒక కేటీకే గనిలో (కేటీకే అంటే కాకతీయ ఖని) ఒక కార్మికుడు ఏడాదంతా మరింత శ్రద్ధ పెట్టి, యంత్రం చెడిపోకుండా చూసుకుని, కంపెనీ లాభాన్ని లక్ష రూపాయలు పెంచాడనుకుందాం. అందులో 33 వేలు కార్మికుల వాటాలో చేరతాయి. వాటిని 41,837 మందికి పంచితే ఆయన చేతికి వచ్చేది 79 పైసలు. పక్కన ఊరికే కూర్చున్నవాడికీ అవే 79 పైసలు. ఉమ్మడి ఫలితాన్ని జట్టంతా పంచుకునే చోట ఎవరి శ్రమను వారు తగ్గించుకోవడమే లాభసాటిగా కనిపిస్తుందని 1982లో బెంట్ హోల్మ్‌స్ట్రామ్ అనే ఆర్థికవేత్త గణితంతో రుజువు చేశాడు. ఆయనకు 2016లో నోబెల్ వచ్చింది. ఆయన లెక్క ప్రకారం సింగరేణి వాటా ఎవరినీ కదిలించకూడదు.

మరి కదిలిస్తున్నదా? ఒక విషయంలో తప్పకుండా కదిలిస్తున్నది. మస్టర్లు, అంటే హాజరు, ఎక్కువ ఉన్నవాళ్లకు వాటా ఎక్కువ వస్తుంది. నాగా పెట్టే ముందు మనిషి ఒకసారి ఆలోచిస్తాడు. దీపావళికి ఇచ్చే పీఎల్‌ఆర్ (పర్ఫార్మెన్స్ లింక్డ్ రివార్డ్) బోనసూ ఇలాంటిదే. పేరులో పనితీరు అన్న మాట ఉన్నా, కోల్ ఇండియాతో జాతీయ సంఘాలు కూర్చుని తేల్చుకున్న మొత్తమే అందరికీ వర్తిస్తుంది. 2024లో అది 93,750 రూపాయలు. అక్కడా తగ్గింపు హాజరును బట్టే. అంటే ఈ రెండు పెద్ద మొత్తాలూ కొంటున్నది ముఖ్యంగా మనిషి రావడాన్ని.

వచ్చిన తర్వాత ఏమిటి? ల్యాంప్ రూమ్‌లో క్యాప్ ల్యాంపు తీసుకుని, మస్టరు వేయించుకుని, ఇంక్లైన్ దిగిపోయాక ఎనిమిది గంటల పని ఎదురుగా ఉంటుంది. పైకప్పును గడ్డపారతో కొట్టి చూసినప్పుడు చప్పుడు బోలుగా వస్తే తోటివాణ్ని ఆపాలి. బెల్టు మీద బొగ్గులో కలిసి వెళ్తున్న బండను తీసి పారేయాలి. తర్వాతి షిఫ్టువాళ్లకు పని జాగాను సర్ది అప్పజెప్పాలి. వీటిలో ఏదీ మస్టరు పుస్తకంలో కనబడదు. ఉద్యోగుల ప్రేరణ గురించి వందేళ్లకు పైగా సాగిన పరిశోధన అంతా నిజానికి ఈ కనబడని పని గురించే. ఆ పరిశోధన మలుపు తిరిగిన ముఖ్యమైన చోట్లలో ఒకటి బొగ్గు గని కావడం, మన భూపాలపల్లి కూడా బొగ్గు ఊరే కావడం వల్ల ఈ కథను ఇక్కడి నుంచే చెప్పడం న్యాయంగా ఉంటుంది.

టబ్బుకింత, ఎకరానికింత

అన్నిటికన్నా పాత ఉపాయం చేసినదానికి చేసినంత కూలి ఇవ్వడం. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ 1911లో రాసిన పుస్తకంలో దీన్నే శాస్త్రంగా నిలబెట్టాడు. బెత్లెహెం ఉక్కు కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసే కూలీ రోజుకు 12 టన్నుల చిల్లర మోసేవాడు. ఎప్పుడు మోయాలో, ఎప్పుడు ఆగాలో గడియారం పట్టుకుని చెప్పి, రోజు కూలిని డాలరూ 15 సెంట్ల నుంచి డాలరూ 85 సెంట్లకు పెంచితే 47 టన్నులు మోశాడని టేలర్ రాశాడు. పని దాదాపు నాలుగింతలు, కూలి 60 శాతం ఎక్కువ. ఆ కూలీ బుర్రతో ఆలోచించాల్సిన అవసరమే లేదని కూడా రాశాడు. టేలర్ పద్ధతిలో నాకు అన్నిటికన్నా అభ్యంతరంగా తోచేది ఆ మాటే.

సింగరేణిలో కోల్ ఫిల్లర్లు ఇలాంటి లెక్క మీదే పనిచేశారు. పేల్చిన బొగ్గును తట్టలతో టబ్బుల్లోకి నింపాలి. నింపిన టబ్బులను బట్టి కూలి. యంత్రాలు వచ్చి ఫిల్లర్లను తప్పించేదాకా భూగర్భ గనికి వాళ్లే వెన్నెముక. ఈ పద్ధతిలో ఒక ప్రమాదం దాగి ఉంటుంది. టబ్బు నింపితే డబ్బు వస్తుంది, కప్పుకు దిమ్మె పెడితే రాదు. బ్రిటన్, అమెరికా గనుల చరిత్ర నిండా ఈ గొడవే. దిమ్మెలు నిలబెట్టడం, పట్టాలు వేయడం, రాళ్లు తీయడం లాంటి పనులకు అక్కడి యజమానులు చాలాకాలం కూలి ఇవ్వలేదు. అమెరికన్ కార్మికులు దాన్ని చచ్చిన పని అనేవాళ్లు. కూలి రాని పనిని మనిషి వాయిదా వేస్తాడు. గనిలో వాయిదా వేస్తే కప్పు కూలుతుంది.

ఇది బొగ్గుకే పరిమితం కాదు. మహబూబాబాద్, జనగామ పల్లెల్లో వరి నాట్లు గుత్తకు ఇస్తే ఎట్లా ఉంటుందో, రోజు కూలికి వేయిస్తే ఎట్లా ఉంటుందో తెలియని రైతు లేడు. ఎకరానికి ఇంతని మాట్లాడుకున్న ముఠా పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి మడి ముగిస్తుంది. కుదుళ్లు ఎడంగా పడతాయి, మూలలు ఖాళీగా మిగులుతాయి. అందుకే గుత్తకు ఇచ్చిన రైతు గట్టు దిగడు. మిర్చి ఏరే కాలంలో కిలోకు ఇంతని ఇస్తే బస్తాలు గబగబా నిండుతాయి, పండీ పండని కాయ కూడా అందులో పడుతుంది. కొలిచేదాన్ని మనిషి పెంచుతాడు, కొలవనిదాన్ని వదిలేస్తాడు. హోల్మ్‌స్ట్రామ్, పాల్ మిల్‌గ్రామ్ కలిసి 1991లో దీన్ని సూత్రంగా రాశారు. మన రైతులకు అనుభవంలో ఉన్నదే వాళ్ల సమీకరణాల్లోనూ తేలింది.

అలాగని చేసినదానికి చేసినంత అన్న పద్ధతిని కొట్టిపారేయలేం. అమెరికాలో కారు అద్దాలు బిగించే సేఫ్‌లైట్ అనే కంపెనీ గంటకింత జీతం నుంచి అద్దానికింత జీతానికి మారినప్పుడు తలకు పని 44 శాతం పెరిగిందని ఎడ్వర్డ్ లాజియర్ 2000లో చూపించాడు. అక్కడ అద్దం సరిగా బిగించకపోతే ఎవరు బిగించారో ఇట్టే తెలిసిపోతుంది, మళ్లీ వచ్చి ఉచితంగా బిగించాల్సిందే. నాణ్యత కంటికి కనబడే చోట గుత్త పనిచేస్తుంది. గనిలో కప్పు భద్రత కూలేదాకా కంటికి కనబడదు.

మన బడుల్లో జరిగిన పరీక్ష

డబ్బు మనుషులను ఎలా మారుస్తుందన్న ప్రశ్న మీద ప్రపంచంలో పేరున్న ప్రయోగాల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల తోడ్పాటుతో గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల మీద దీన్ని మొదలుపెట్టారు. చీటీలు తీసినట్టుగా బడులను ఎంపిక చేశారు. వంద బడుల్లో ఏ టీచరు పిల్లల మార్కులు పెరిగితే ఆ టీచరుకే బోనస్. ఇంకో వంద బడుల్లో బడి మొత్తం సగటు పెరిగితే టీచర్లందరికీ సమానంగా బోనస్. మిగిలిన వంద బడుల్లో ఏమీ లేదు. సగటు మార్కులు 5 శాతాన్ని మించి పెరిగిన ప్రతి శాతానికీ 500 రూపాయలు.

రెండేళ్లకు బోనస్ బడుల్లో పిల్లలు లెక్కల్లో, తెలుగులో స్పష్టంగా ముందుకు పోయారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘికశాస్త్రాల్లో కూడా మెరుగయ్యారు. కొలవనిదాన్ని వదిలేస్తారన్న భయం ఇక్కడ నిజం కాలేదు. చదవడం, లెక్కలు వస్తే మిగతా పాఠాలూ అర్థమవుతాయి కదా.

ఈ కథకు అవసరమైన ఫలితాలు మరో రెండు ఉన్నాయి. బోనస్ పెట్టినా టీచర్ల గైరుహాజరు తగ్గలేదు. వాళ్ల మస్టరు అంతే ఉంది. మారింది మస్టరు పడిన తర్వాతి పని. ఇంటిపని ఎక్కువ ఇచ్చారు, బడి వేళల తర్వాత క్లాసులు పెట్టారు, నమూనా పరీక్షలు రాయించారు, వెనకబడ్డ పిల్లల మీద శ్రద్ధ పెట్టారు. సింగరేణి వాటా హాజరును కొంటుంటే, ఈ బోనస్ హాజరును ముట్టుకోకుండా శ్రద్ధను పెంచింది. రెండో ఫలితం జట్టు గురించి. మొదటి ఏడాది వ్యక్తిగత బోనస్, జట్టు బోనస్ సమానంగా పనిచేశాయి. ఆ బడుల్లో టీచర్లు చాలా చోట్ల ముగ్గురు నలుగురే. ఒకరు చేసేది మరొకరికి కనబడుతుంది. కానీ ఐదేళ్లు గడిచేసరికి వ్యక్తిగత బోనసే నిలబడింది, జట్టు బోనస్ ప్రభావం సన్నగిల్లింది. నలుగురి జట్టులోనే అట్లా అయితే 42 వేల మంది జట్టు సంగతి చెప్పనక్కర్లేదు.

మెట్లు, ఇత్తడి, కాకినాడ

మేనేజ్‌మెంటు శిక్షణ తరగతికి వెళ్లిన ఎవరికైనా మాస్లో పిరమిడ్ చూపించే ఉంటారు. కింద తిండీ నిద్రా, దాని మీద భద్రత, ఆపైన నలుగురి తోడు, గౌరవం, చిట్టచివర తనను తాను సార్థకం చేసుకోవడం. అబ్రహాం మాస్లో 1943 వ్యాసంలో పిరమిడ్ బొమ్మ ఎక్కడా లేదు. దాన్ని తర్వాతివాళ్లు గీశారు. కింది మెట్టు నిండితే తప్ప పై మెట్టు గుర్తుకు రాదన్న భావానికి సింగరేణి చరిత్రే అడ్డంగా నిలబడుతుంది. 1981లో, ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోయవచ్చన్న చట్టానికి వ్యతిరేకంగా కార్మికులు 56 రోజులు గనులు బంద్ పెట్టారు. 2011 సకల జనుల సమ్మెలో తెలంగాణ కోసం సుమారు 35 రోజులు జీతం వదులుకున్నారు. ఇంట్లో బియ్యం నిండుగా ఉండి చేసిన సమ్మెలు కావవి. ఆత్మగౌరవం తిండి తర్వాత వచ్చే మెట్టు అని ఆ కార్మికులతో అంటే ఒప్పుకోరు.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పింది ఇంతకన్నా పనికొస్తుంది. జీతం, పై అధికారి తీరు, పనిచేసే చోటి వసతి సరిగా లేకపోతే మనిషికి అసంతృప్తి కలుగుతుంది. అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు. ఉత్సాహం పనిలోంచే రావాలి. పని నెరవేరిందన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత దాని మూలాలు. గనిలో నీళ్ల సీసా, మంచి బూట్లు, క్యాంటీన్ భోజనం ఇవ్వడం మొదటి జాబితా. అవి తప్పనిసరి. వాటితోనే ప్రేరణ వచ్చేస్తుందని అనుకోకూడదు.

పనిలోంచి ఉత్సాహం ఎలా వస్తుందో చూడాలంటే జనగామ దగ్గరి పెంబర్తికి వెళ్లాలి. హైదరాబాద్-వరంగల్ దారి మీదున్న ఈ ఊళ్లో విశ్వకర్మ కళాకారులు ఇత్తడి రేకును సుత్తితో, ఉలితో కొట్టి దేవుళ్ల వాహనాలు, ద్వారాల తొడుగులు, జ్ఞాపికలు చేస్తారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ 1976లో మంచి పనికి ఉండాల్సిన లక్షణాలు ఐదు చెప్పారు. రకరకాల నేర్పులు వాడాలి, మొదటి నుంచి చివరిదాకా ఒక వస్తువు తన చేతిలోనే తయారవ్వాలి, అది ఎవరికో ఉపయోగపడాలి, ఎలా చేయాలో తానే నిర్ణయించుకోవాలి, బాగా వచ్చిందో లేదో పనే చెప్పాలి. పెంబర్తి పనిలో ఐదూ ఉన్నాయి. దెబ్బ ఎక్కువైతే రేకు చిట్లిపోతుంది, అప్పటికప్పుడు తెలుస్తుంది. అయినా ఆ ఇళ్ల పిల్లలు అందరూ ఆ పని పట్టడం లేదు. మంచి పని ఉండి ఆదాయం లేకపోతే కళ నిలవదు, హెర్జ్‌బర్గ్ రెండు జాబితాలూ కావాలి.

తెలుగు నేల మీద ప్రేరణ సిద్ధాంతానికి జరిగిన పెద్ద పరీక్ష కాకినాడది. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ సాధన కాంక్ష నేర్పితే వస్తుందని నమ్మాడు. 1964లో కాకినాడ వ్యాపారులను బృందాలుగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సైట్‌కు పిలిపించి పది రోజుల శిక్షణ ఇప్పించాడు. అక్కడ ఉపన్యాసాలు వినిపించలేదు. బొమ్మలు చూపి కథలు రాయించారు, ఆటలు ఆడించారు, మరీ తేలికా మరీ కష్టమూ కాని లక్ష్యాలు ఎవరివి వాళ్లతో పెట్టించారు. రాజమండ్రి వ్యాపారులను పోలికకు తీసుకున్నారు. శిక్షణ పొందినవాళ్లలో కొత్త పెట్టుబడులు, కొత్త వ్యాపారాలు, కొత్త ఉద్యోగాలు ఎక్కువగా కనిపించాయి. సంప్రదాయ నమ్మకాలు, కట్టుబొట్టు అడ్డం రాలేదు. 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్‌క్లెలాండ్ దీన్ని పుస్తకంగా అచ్చు వేశాడు. అయితే ఒక తేడా మరిచిపోకూడదు. కాకినాడ వ్యాపారికి దుకాణం తాళంచెవి తన బొడ్డునే ఉంది. నేర్చుకున్నది మర్నాడే చేసి చూడగలడు. గని కార్మికుడికి అదే శిక్షణ ఇచ్చి, ఏ నిర్ణయమూ ఆయన చేతిలో పెట్టకపోతే మిగిలేది నిరాశే. ఆడిటోరియంలో వక్తను పిలిచి చప్పట్లు కొట్టించి ఉద్యోగులకు ప్రేరణ ఇచ్చేశామనుకునే సంస్థలు కాకినాడ ప్రయోగంలో సగాన్నే చదివాయి.

డర్హం గనుల్లో కనిపెట్టింది

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ బొగ్గు గనులను జాతీయం చేసింది. కొత్త యంత్రాలు వచ్చాయి. జీతాలు పెరిగాయి. బొగ్గు మాత్రం ఆశించినంత పెరగలేదు, గైరుహాజరు పెరిగింది. ఎందుకో తెలుసుకోవడానికి లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి ఎరిక్ ట్రిస్ట్ వెళ్లాడు. ఆయన వెంట కెన్ బాంఫర్త్ ఉన్నాడు. బాంఫర్త్ చాలా ఏళ్లు స్వయంగా బొగ్గు కొట్టినవాడు. వాళ్లిద్దరి వ్యాసం 1951లో వచ్చింది.

పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు ఒక జట్టు. జట్టును వాళ్లే కూర్చుకునేవాళ్లు. బొగ్గు కోయడం, నింపడం, దిమ్మె నిలబెట్టడం అన్నీ వాళ్లే చేసేవాళ్లు. తర్వాత లాంగ్‌వాల్ అనే యంత్రాల పద్ధతి వచ్చింది. నలభై మంది, మూడు షిఫ్టులు. ఒక షిఫ్టు కోస్తుంది, ఒక షిఫ్టు కన్వేయర్ జరుపుతుంది, చివరి షిఫ్టు నింపుతుంది. ప్రతి మనిషికీ ఒకే ముక్క పని, ముక్కకొక రేటు. ముందు షిఫ్టు ఒక పని సగంలో వదిలితే ఆ బరువంతా నింపేవాళ్ల నెత్తిన పడుతుంది. తప్పు ఎవరిదన్న గొడవ రోజూ ఉండేది. యంత్రం మంచిదే. దాని చుట్టూ అల్లిన పని ఏర్పాటు మనుషులను ఒకరికొకరు కాకుండా చేసింది.

ఆ తర్వాత డర్హంలో ట్రిస్ట్ బృందం ఇంకో గమ్మత్తు చూసింది. ఒకే బొగ్గు పొర, ఒకే యంత్రాలు, దాదాపు అంతే మంది మనుషులు. ఒక చోట ముక్కల పని. ఇంకో చోట కార్మికులు తామే ఒప్పందం చేసుకుని, ఎవరు ఏ షిఫ్టుకు పోవాలో తామే నిర్ణయించుకుని, ముందు షిఫ్టు ఎక్కడ ఆపితే అక్కడి నుంచి ఏ పనైనా అందుకుని, జీతాన్ని సమానంగా పంచుకున్నారు. ముక్కల పని చోట గైరుహాజరు 20 శాతం. కలిసి చేసిన చోట 8 శాతం. ఉత్పత్తి కూడా రెండో చోటే ఎక్కువ. ఈ ఆలోచననే ఎ.కె. రైస్ 1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లుకు తెచ్చి, మగ్గాల దగ్గర పనివాళ్లను చిన్న బృందాలుగా చేసి చూపించాడు.

హోల్మ్‌స్ట్రామ్ లెక్కకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. వాటా నలభై మందికి పంచినప్పుడు కూడా ఒక్కడి శ్రమకు వచ్చేది తక్కువే. కానీ నలభై మంది ఒకరినొకరు ఎరుగుదురు. ఎవరు ఒళ్లు దాచుకున్నారో తెలుస్తుంది, ఎవరు ఆదుకున్నారో గుర్తుంటుంది. భూపాలపల్లి ఇంక్లైన్లలో ఒక పని జాగాలో ఎస్‌డీఎల్ (బొగ్గు ఎత్తి పోసే యంత్రం) ఆపరేటర్, సపోర్ట్‌మెన్, షాట్‌ఫైరర్, మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్ కలిస్తే తయారయ్యే జట్టు ఆ కొలతకు సరిగ్గా సరిపోతుంది. అక్కడి భద్రత, అక్కడి టన్నులు, అక్కడి యంత్రం ఆగిన గంటలు ఆ జట్టుకే రోజూ బోర్డు మీద కనబడితే, గుర్తింపులో కొంత భాగం ఆ జట్టుకే చెందితే, 79 పైసల సమస్య చాలావరకు తీరుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. విక్టర్ వ్రూమ్ 1964లో చెప్పినదాన్ని మూడు ప్రశ్నలుగా అడగవచ్చు. కష్టపడితే పని అవుతుందా? పని అయితే ఫలితం నాకు అందుతుందా? అందేది నాకు కావలసిందేనా? మూడింటినీ హెచ్చవేయాలి, కూడకూడదు. ఒక్కటి సున్నా అయితే మొత్తం సున్నా. విడిభాగం రాక ఎస్‌డీఎల్ షిఫ్టంతా నిలబడి ఉంటే, బెల్టు తిరగకపోతే, మొదటి ప్రశ్న దగ్గరే సున్నా పడుతుంది. అటువంటి షిఫ్టులో కార్మికుడి ఉత్సాహం గురించి మాట్లాడే ముందు స్టోర్స్ విభాగం గురించి మాట్లాడాలి.

లెక్క విప్పి చెప్పిన రోజులు

పని లెక్కను కార్మికుల ముందు పెట్టడాన్ని సింగరేణి ఒకసారి తనంతట తాను కొంత చేసి చూపింది. 1990ల మొదట్లో ఆ గనుల్లో సమ్మె వార్త కాదు. ఏడాదికి వందల సమ్మెలు జరిగేవి. సంఘాలు లెక్కకు మించి ఉండేవి, ఎవరితో మాట్లాడితే పని అవుతుందో తెలియని పరిస్థితి. పేరుకున్న నష్టాలు వెయ్యి కోట్లు దాటాయి. ఖాయిలా పరిశ్రమల వ్యవహారం చూసే బీఐఎఫ్‌ఆర్ దాకా కంపెనీ రెండుసార్లు వెళ్లింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీగా పుట్టి, ఇల్లెందులో తొలి బొగ్గు తీసి, 1920లో సింగరేణి కాలరీస్‌గా మారిన సంస్థ మూతపడుతుందన్న మాట గనుల మీద వినబడింది.

1990ల చివర సీఎండీగా ఉన్న ఏపీవీఎన్ శర్మ హయాంలో యాజమాన్యం కార్మికులకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. వేర్వేరు విభాగాల అధికారులు బృందాలుగా గనుల మీదికి వెళ్లారు. టన్ను బొగ్గుకు ఎంత ఖర్చవుతున్నది, ఎంతకు అమ్ముతున్నాం, ఒక యంత్రం రోజుకు ఎన్ని గంటలు నడుస్తున్నది, ఒక్క రోజు గని ఆగితే ఎంత పోతుంది అన్నవి కార్మికుల ముందు విప్పారు. ఈ పద్ధతి మల్టీ డిపార్ట్‌మెంట్ సమావేశాల పేరుతో ఇప్పటికీ ఉంది. 1998లో రహస్య బ్యాలెట్‌తో తొలిసారి గుర్తింపు సంఘం ఎన్నిక జరిగింది. కార్మికుడు తన గొంతును తానే ఎన్నుకున్నాడు. ఆ తర్వాతే లాభాల వాటా వచ్చింది. ఈ వరుసను నేను చాలా ముఖ్యమని అనుకుంటాను. ముందు లెక్క చెప్పారు, తర్వాత ఓటు ఇచ్చారు, ఆపైన వాటా ఇచ్చారు. లెక్క తెలియనివాడికి వాటా దానంలా కనబడుతుంది. లెక్క తెలిసినవాడికి అది తన హక్కు.

గని కోలుకోవడానికి ఇదొక్కటే కారణమని చెప్పడం అబద్ధమవుతుంది. కేంద్రం అప్పుల భారం తగ్గించింది, బొగ్గు ధరల మీద నియంత్రణలు సడలాయి, ఓపెన్‌కాస్టుల వాటా పెరిగింది. లక్ష దాటిన కార్మికుల సంఖ్య 40 వేల దగ్గరికి దిగింది. 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు వచ్చిందంటే అందులో పెద్ద భాగం ఓపెన్‌కాస్టులదే. కానీ సమ్మెలు తగ్గిన తీరుకు యంత్రాలు సమాధానం చెప్పవు.

అదే వాటా ఇప్పుడు కొత్త ప్రశ్నలు తెస్తున్నది. 2024లో 33 శాతం ప్రకటించగానే సంఘాల్లో, పార్టీల్లో వాదం లేచింది. మొత్తం లాభం 4,701 కోట్లు అయినప్పుడు 796 కోట్లు 17 శాతమే కదా అన్నారు. అందిన మొత్తం అంతకు ముందు ఏడాదికన్నా ఎక్కువే. అయినా అసంతృప్తి. స్టేసీ ఆడమ్స్ 1960లలో చెప్పింది ఇదే: మనిషి తనకు ఎంత వచ్చిందని చూసుకోవడంతో ఆగడు, పక్కవాడితో, ఇచ్చిన మాటతో పోల్చుకుంటాడు. ఆ పోలికలో తగ్గితే శ్రమను తగ్గించుకుంటాడు. పెట్టుబడికి పక్కన పెట్టడం తప్పు కాదు. అది ఎంత, ఏ గనికి, ఎప్పుడు ఫలితమిస్తుందో 1990ల చివరలో చెప్పినట్టు గని గనికీ వెళ్లి చెప్పకపోవడం లోటు.

అంతకన్నా పెద్ద పోలిక ఒకే గని గేటు దగ్గర రోజూ కనబడుతుంది. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్లది. డంపర్ నడిపేవాళ్లు, సివిల్ పనులవాళ్లు, ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీవాళ్లు కాంట్రాక్టు మీద ఉన్నారు. అదే దుమ్ము, అదే ఎండ, అదే షిఫ్టు. 2022 సెప్టెంబరులో వేతనాల కోసం వాళ్లు సమ్మెకు దిగారు. 2024లో తొలిసారి లాభాల్లోంచి వాళ్లకూ తలకు 5 వేల రూపాయలు ఇచ్చారు. అది మంచి మొదలు. 2024-25 వాటాలో పర్మనెంటు ఉద్యోగికి సగటున 1,95,610 రూపాయలు వస్తే, కాంట్రాక్టు కార్మికుడికి 5,500 వచ్చాయి. వాళ్లు సుమారు 30 వేల మంది. బొగ్గు మీద మట్టి తొలగకపోతే ఓపెన్‌కాస్టులో బొగ్గే లేదు. ఆ మట్టి తీసేవాడి జాగ్రత్త మీద అక్కడి ప్రతి ప్రాణమూ ఆధారపడి ఉంది.

యాజమాన్యం, గుర్తింపు సంఘం వచ్చే ఏడాది శాతం ఎంతన్న బేరానికి కూర్చునే ముందు రెండు పనులు పెట్టుకోవాలని నా మనవి. వాటాలో కొంత భాగాన్ని గని గనికీ, పని జాగా పని జాగాకూ భద్రత, యంత్రాల పనివేళల లెక్కన విడగొట్టాలి. మస్టర్ల లెక్కన వాటా కట్టే సూత్రాన్ని కాంట్రాక్టు కార్మికుల మస్టర్లకు కూడా వర్తింపజేయాలి. రెండో పనికి కావలసిన హాజరు రికార్డులు కాంట్రాక్టర్ల దగ్గర ఇప్పటికే ఉన్నాయి.